రెండో అచ్చు

జెలటిన్ పొడి బేగంబజార్ నుంచి,
గ్లిజరిన్ మా వీధి చివర మందుల షాపు నుంచి.
"ఇన్ని సీసాలెందుకు మేడం, పాదాలు పగిలాయా?" అన్నాడు కుర్రాడు.
అవునన్నాను. బొమ్మలకని చెబితే
ఇంకో పది నిమిషాలు పడుతుంది.

స్టీలు ట్రేలో పోసి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన
రాత్రంతా గడ్డకట్టనిచ్చాను.
పొద్దున వేలితో తడితే వణికింది,
పరీక్ష హాల్లో పిల్లాడి మోకాలులా.

పుస్తకం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్నది.
ఎవరిదో ఇనప సామాన్ల కొట్టు ఖాతా:
మేకులు రెండు కిలోలు, గొళ్ళేలు డజను,
కింద ఎర్రసిరాతో "బాకీ".
నేను దాని మీదే అంటిస్తాను.
తెల్లకాగితమంటే నాకు భయం.
ఇందులో ఎవరో ముందే తప్పులు చేసి పెట్టారు.

ముద్రలకు ఏదైనా సరే.
తెగిన స్లిప్పరు అడుగు చెక్కితే చేప.
బత్తాయిల వల సంచి, కానుగాకు ఈనెలు,
చాయ్ గ్లాసు అంచు, సిటీ బస్సు టికెట్టు మడత.
ఛత్తాబజార్‌లో రబ్బరు స్టాంపులు చేసే మోయిజ్ సాబ్
తప్పుపోయినవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాస్తాడు.
"లేజావో అమ్మా, ఇవి ఏ ఆఫీసుకూ పనికిరావు."
గుడి రాలిపోయిన ఒక "కార్యదర్శ",
కాస్త ఒంకరగా ఒక "చెల్లించబడినది",
ముప్ఫై రెండో తారీఖు.

రోలరుతో రంగు పరిచి, ముద్రలు ఒత్తి,
కాగితం కప్పి, అరచేత్తో నిమిరి,
ఒక మూల పట్టుకుని లాగడం,
పుండు మీది పట్టీ తీసినంత మెల్లగా.
మే నెలలో అంత మెల్లగా కుదరదు,
ఫ్యాను కింద రంగు అప్పడమైపోతుంది.

మొదటి అచ్చు ఎప్పుడూ గట్టిగా మాట్లాడుతుంది.
దాన్ని పక్కన పెడతాను.
జెల్ మీద మిగిలిన పలచని రంగు మీద
ఇంకో కాగితం వేస్తే వస్తుంది
రెండోది:
ఆకు కాదు, ఆకు లేచి వెళ్ళిన చోటు.
నా పుస్తకంలోకి వెళ్ళేది అదే.

ఆ రోజు లస్మక్క ఆలస్యంగా వచ్చింది.
చీపురు పట్టకుండా గడపలో కూలబడింది.
"మిషిని నా ఏలు పడ్తలేదంటది.
మూడు నెలల సంది పింఛను లేదు.
బొటనేలు కాదంటే సూపుడేలు, అదీ కాదంటే ఎడమ చెయ్యి.
కడుక్కొని రా అంటడు, తుడుసుకొని రా అంటడు.
ఏడికెల్లి తేవాలె గీతలు?"

నలభై ఏళ్ళ అంట్ల గిన్నెలు.
అందులో మావి పదకొండేళ్ళవి.
ఆ లెక్క పైకి అనలేదు నేను.

ట్రేలో ఇంకా తడి ఉంది.
"ఇక్కడ పెట్టు" అన్నాను, ఎందుకన్నానో తెలీదు.
"గలీజైతది గదమ్మా."
"కానీ."
జెల్ కొంచెం లోపలికి జరిగి
ఆమె వేలికి చోటిచ్చింది.

మొదటి కాగితం మీద
నీలంలో ఒక పాలిపోయిన మచ్చ, అంతే.
రెండోది తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను.
ఇద్దరం వంగి చూశాం.
వెంట్రుకంత సన్నగా, తెగుతూ,
కొంత దూరం పోయి మళ్ళీ కలుస్తూ,
మధ్యలో అడ్డంగా ఒక కోత.
"గది కత్తిపీట" అంది.
తర్వాత, "ఉన్నయి!" అంది.

"గీ కాయితం సూపిస్తే పైసలిస్తరా?"

ఇవ్వరు.
ఆ ఒక్క మాటకు నాకు చాలాసేపు పట్టింది.
ఆమె నవ్వేసి చీపురు అందుకుంది.
"మరి నీ బుక్కులనే పెట్టుకో. పోనియ్యకు."

మేకుల పద్దు ఉన్న పేజీలో అంటించాను.
కింద ముప్ఫై రెండో తారీఖు వేశాను.
"చెల్లించబడినది" ఇంకుప్యాడు మీద ఒత్తి,
పేజీ దాకా తెచ్చి,
పలచని నీలంలోంచి ఆ పాత ఎర్రసిరా మాట కనబడితే
అక్కడే ఆగిపోయాను.
నా చేతికే అంటింది.